మోటరు ఆపే ముందు చెప్పాల్సిన మాట

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఏ మోటరు మంచిదని. ఆ తర్వాత మోటరు మూతికి అడ్డం కట్టే వల, మేం జాలీ అంటాం, అది ఏది మంచిదని. చిన్న చేపలు ఎక్కడ దాక్కుంటాయని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. తోటలో కట్టిన కొలనంటే వాళ్ళకు పైపూ, కరెంటూ, నీళ్ళూ. ఇంటివాళ్ళకు అది అందం. అందులో బతికే చేపలకు మాత్రం వేరే చోటు లేదు. ఆ కాస్త నీళ్ళలో మనం ఒక మోటరు దించుతాం. అది పొద్దస్తమానం నీళ్ళు లాగుతూనే ఉంటుంది. నీళ్ళతోపాటు ఏం వచ్చినా లాగుతుంది. ఆకు వచ్చినా, నాచు వచ్చినా, నిన్న పుట్టిన పిల్ల వచ్చినా దానికి ఒకటే. ఆ పిల్లను దాని నోట్లో పడకుండా చూడటమే మన పని. మిగతాదంతా ప్లంబర్ కూడా చేస్తాడు.

నేను సూరత్‌లో ఈ పని చేస్తూ ముసలివాడినయ్యాను. ఇప్పుడు మానేశాను. మోకాళ్ళు నీళ్ళలోకి దిగనివ్వడం లేదు. మీకు పనికొస్తుందేమోనని కొన్ని సంగతులు రాస్తున్నాను. వీటిలో సంతోషంగా చెప్పుకునేవి తక్కువ. మనల్ని పిలిచేదే చేపలు చచ్చాక. అన్నీ బాగున్న కొలను దగ్గరికి మనల్ని ఎవరూ పిలవరు.

ఉస్తాద్

మాది కరీంనగర్ దిక్కు ఒక పల్లె. మా నాన్న నేతపని చేసేవాడు. నేను మరమగ్గాల మీద పనికని సూరత్ వచ్చాను కానీ ఆ చప్పుడు నాకు పడలేదు. చెవిలో చీము వచ్చేది. మగ్గం వదిలేసి ఉధ్నాలో ఒక మోటర్ల రిపేరు దుకాణంలో చేరాను. ఆ దుకాణం రహీం చాచాది. కాలిన మోటర్లకు రాగి తీగ చుట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

బంగళాల్లో కొలనులు కట్టించుకునే రోజులు అప్పుడే మొదలయ్యాయి. అక్కడి నుంచి కాలిన మోటర్లు రాసాగాయి. విప్పి చూస్తే లోపలి చక్రానికి పొలుసులు, ముళ్ళు చుట్టుకుని ఉండేవి. నేను తెలివిగా ఆలోచించాననుకుని ఒక మోటరు మూతికి దోమతెర గుడ్డ రెండు పొరలు చుట్టాను. చాచా దాన్ని చూసి నవ్వలేదు, తిట్టలేదు. దుకాణం ముందున్న నీళ్ళ తొట్టిలో ఆ మోటరు వేసి నడిపించాడు. కాస్త మట్టి, కాస్త నాచు కలిపాడు. చూస్తుండగానే గుడ్డ మూసుకుపోయింది. ధార సన్నబడింది. మోటరు మూలగడం మొదలుపెట్టింది.

"జాలీ ఛోటీ మత్ కర్ బేటా. డబ్బా బడా కర్" అన్నాడు.

కన్నాలు సన్నగా చేయకు, మోటరు చుట్టూ పెట్టె పెద్దగా చెయ్యి అని. నా వృత్తి మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది. అరచేయంత జాలీలోంచి లాగితే నీళ్ళు జోరుగా పోతాయి, చేప ఆ జోరును ఈదలేక అతుక్కుంటుంది. అవే నీళ్ళు పెద్ద బుట్టంత జాలీలోంచి లాగితే ఎక్కడా జోరు ఉండదు. పిల్ల చేప దాని పక్కనే తోక ఆడించుకుంటూ పోతుంది. మోటరుకూ దాహం తీరుతుంది. చేపను కాపాడేది కన్నం సైజు కాదు, నీళ్ళ నెమ్మది. నెమ్మది ఉన్నదో లేదో చూడటానికి పుల్లకు ఒక దారం కట్టి జాలీ దగ్గర పట్టుకునేవాణ్ణి. దారం వేలాడితే మంచిది. బిగుసుకుని జాలీ వైపు పోతే పెట్టె ఇంకా పెద్దది కావాలి.

రెండు ఇళ్ళు

కతర్‌గామ్‌లో ఒక వజ్రాల వ్యాపారి ఇంట్లో ముందు పనిచేసిన మెకానిక్ మోటరు చుట్టూ పాత చీర గుడ్డ కట్టిపెట్టాడు. గుడ్డ మూసుకుపోయి, మోటరు వేడెక్కి, పగిలి, లోపలి నూనె నీళ్ళలోకి కారింది. నేను వెళ్ళేసరికి నీళ్ళ మీద రంగురంగుల పొర. కొలనులో ఒక్క చేప కదలడం లేదు. ఆ ఇంటావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. వ్యాపారి మాత్రం వాచ్‌మన్‌ను తిడుతున్నాడు. ఇరవై ఇళ్ళకు వెళ్ళినా ఇదే చూస్తారు. చేపలు చస్తే ముందు ఎవరో ఒకరిని తిట్టాలి. నీళ్ళలోకి తొంగిచూసేవాడు ఆఖరున వస్తాడు. ఆ తిట్లలో మీరు జోక్యం చేసుకోవద్దు కానీ, వాచ్‌మన్ తప్పు లేదని ఆ ఇంటివాళ్ళ ముందే ఒక్కసారి చెప్పి రండి. నేను చెప్పాను. ఆ ఇంటికి మళ్ళీ నన్ను పిలవలేదు.

కామ్‌రేజ్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో తోటమాలి, పేరు భీఖా, మోటరు మూతికి అతుక్కున్న చేపను తీయాలని నడుస్తున్న మోటరు మీద చెయ్యి పెట్టాడు. వైరు ఎక్కడో చిట్లింది. కరెంటు కొట్టి గట్టు మీద పడ్డాడు. బతికాడు. ఆ చేతి వేళ్ళు మాత్రం మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. చేపంటే జాలి ఉన్న మనిషి కాబట్టే చెయ్యి పెట్టాడు, జాలి లేనివాడు పెట్టడు. అందుకే చెప్తున్నాను, స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు పీకి మీ కళ్ళ ముందు పెట్టుకుని అప్పుడు నీళ్ళలో చెయ్యి పెట్టండి. చేప చస్తే చావనివ్వండి.

ఈ నియమం నేను ఎప్పుడూ తప్పలేదు. అయితే ప్లగ్గు పీకడానికి ముందు ఇంకొక పని ఉంటుందని చాలా ఆలస్యంగా, పని మానేసే ముందు తెలిసింది. అది ఒక మగ్గం పనివాడి దగ్గర నేర్చుకున్నాను. ఇదంతా రాయడానికి కూర్చున్నది కూడా అతని సంగతి చెప్పడానికే.

వాడి

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. సూరత్‌లో ఆంబులెన్సుల కూత తప్ప ఇంకో చప్పుడు లేదు. నేను ఇల్లు కదలడం మానేశాను. అప్పుడు జయంతిభాయ్ ఫోన్ చేశాడు. ఆయన ఒక కులసంఘానికి చెందిన 'వాడి'కి ట్రస్టీ. వాడి అంటే వాళ్ళ పెళ్ళిళ్ళూ భోజనాలూ జరిగే పెద్ద హాలు. ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క ఆ హాలును రోగుల కోసం తెరిచారు. కులం అడగలేదు, ఊరు అడగలేదు. డిండోలిలో ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండే మగ్గం పనివాళ్ళను కూడా చేర్చుకున్నారు. ఆయన మంచితనం ముందే చెప్తున్నాను, ఎందుకంటే మోటరు విషయంలో ఆయన చేసింది తప్పు.

"మల్లేశ్‌భాయ్, కొలను వాసనొస్తోంది. చేపలు చచ్చి తేలుతున్నాయి. మంచాల మీది వాళ్ళు కిటికీల్లోంచి అదే చూస్తున్నారు. ఒక్కసారి వచ్చిపో" అన్నాడు.

నా భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది. "చేపల కోసం పానం తీసుకుంటవా? ఏందిది?" అంది.

"లోపలికి పోను. తోటల నిలవడి జర చూసొస్త" అన్నాను.

హాలుకు ఒక పక్కన తోట. గోడవారగా కొలను, దాని వెనక సిమెంటుతో చేసిన రాళ్ళ గుట్ట, గుట్ట మీంచి పడే నీళ్ళు. కొలనులో గోల్డ్‌ఫిష్ కొన్ని, దోమల కోసం వదిలిన గప్పీలు లెక్కలేనన్ని. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కంది పలుకంత పిల్లలు. అవి గడ్డి ఉన్న మూలన దాక్కుంటాయి. మోటరును సరిగ్గా ఆ మూలనే పెట్టారు.

మునుపు అక్కడ చిన్న మోటరు ఉండేది. గుట్ట మీంచి నీళ్ళు సన్నగా జారేవి. రోగులు వచ్చాక జయంతిభాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. లోపల దగ్గులూ మూలుగులూ వినలేక జనం బెదిరిపోతున్నారు, నీళ్ళ చప్పుడు గట్టిగా వినబడితే మనసుకు కాస్త నిమ్మళంగా ఉంటుంది అనుకున్నాడు. పెద్ద మోటరు పెట్టించాడు. ఆలోచన మంచిదే. ఆ మోటరు జోరుకు మాత్రం గప్పీ పిల్లలు గుంపులు గుంపులుగా పోతున్నాయి. గోల్డ్‌ఫిష్ తోకలు చీలికలై ఉన్నాయి.

నేను మామూలుగా చేసేదే చేశాను. గోడ దగ్గర స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాను.

నీళ్ళు పడటం ఆగింది. ఊపిరి పీల్చేంత సేపు ఎక్కడా చప్పుడు లేదు. ఆ వెంటనే హాల్లో ఎవరో కరెంటు పోయిందని హిందీలో కేక పెట్టారు. "లైట్ గయీ! లైట్ గయీ!" మంచాలు ఈడ్చుకుపోయిన చప్పుడు. ఏదో స్టీలు గిన్నె కిందపడి దొర్లింది. పక్క తలుపు తెరుచుకుని తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి ప్లాస్టిక్ దుస్తులేసుకున్న నర్సు బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు ఆపారు? చాలూ కరో! నడిపించండి, జల్దీ!"

వెంటనే ప్లగ్గు మళ్ళీ పెట్టాను. నీళ్ళు పడ్డాయి. లోపలి గోల చాలాసేపటికి గాని తగ్గలేదు.

అంతకు కొద్దిరోజుల ముందు అక్కడ నిజంగానే కరెంటు పోయిందట. ఆక్సిజన్ మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. జనరేటరు అందుకునేలోపల ఒకాయన ప్రాణం పోయింది. కరెంటు పోగానే మొదట ఆగింది బయట నీళ్ళ చప్పుడు. అది వాళ్ళ చెవుల్లో ఉండిపోయింది. ఊపిరి కోసం బోర్లా పడుకున్నవాళ్ళకు పైన ఫ్యాను తిరుగుతున్నదీ లేనిదీ కనబడదు. నీళ్ళ చప్పుడు ఆగితే వాళ్ళ లెక్కలో ఊపిరి ఆగినట్టే. నేను ప్లగ్గు పీకిన ఆ కాసేపట్లో ఒక ముసలావిడ ముక్కుకున్న గొట్టం పీకేసుకుని లేవబోయి మంచం మీంచి పడింది. అందరూ ఆమెను బా అని పిలిచేవారు. గుజరాతీలో పెద్దావిడను అలా పిలుస్తారు. దెబ్బ గట్టిగా తగల్లేదని నర్సు వచ్చి చెప్పింది.

"ఓరి దేవుడా" అంటూ గట్టు మీద కూర్చున్నాను.

"అన్నా, తెలుగోనివా?" అన్నారెవరో.

కిటికీ

కొలనుకు ఎదురుగా ఉన్న కిటికీ ఊచల వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మాస్కు పైన కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఒక చేత్తో ఊచ పట్టుకున్నాడు. పేరు సత్తయ్య. జగిత్యాల దగ్గరి ఊరు. డిండోలిలో ఉంటాడు, మగ్గం పని. అతని మంచం ఆ కిటికీ పక్కదే.

"అవును తమ్మీ" అన్నాను.

"ఓరి దేవుడా అన్నవు గద, గుజరాతోళ్ళు గట్ల అనరు" అన్నాడు. దగ్గు వచ్చింది. ఆగేదాకా ఊచ వదల్లేదు. "చేపపిల్లలు పైకెళ్లి నీళ్ళతోని పడుతున్నయే. సగం సగం పడుతున్నయి. పొద్దంత గదే చూస్తున్న. సిస్టర్‌కు చెప్పిన. నువ్వు పండుకో అన్నది."

"మోటరు గుంజుతుంది. పెట్టె గట్టాలె. పెట్టె గట్టాలంటే మోటరు ఆపాలె. ఆపితే మీరు గిట్ల బెదురుతరు."

అతను ఒకసారి హాల్లోకి తిరిగి చూశాడు. "చెప్పకుంట ఆపినవు. గందుకే బెదిరిన్రు. చెప్పి ఆపు."

"ఎట్ల చెప్పాలె? నన్ను లోపటికి రానియ్యరు."

"నేనున్న గద లోపట" అన్నాడు.

నేను జయంతిభాయ్‌తో మాట్లాడాను. ఆయన గేటు బయట నిలబడ్డాడు, నేను లోపల. పెద్ద మోటరు తీసేసి పాతది పెడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మల్లేశ్‌భాయ్, రాత్రంతా వాళ్ళు ఆ నీళ్ళే వింటారు. డాక్టరు రోజుకొకసారి వస్తాడు. ఆ చప్పుడు మాత్రం వాళ్ళను వదిలి పోదు. అది తగ్గించమని నన్ను అడగకు." నేను వాదించలేదు. వాదించే మాట కూడా కాదు. చేపలకైనా ఆ ఎండల్లో పైనుంచి పడే నీళ్ళు కావాలి, లేకపోతే మధ్యాహ్నానికి నీళ్ళలో గాలి చాలక నోళ్ళు తెరుస్తాయి. "అయితే చాలా పెద్ద పెట్టె కావాలి" అన్నాను. దుకాణాలు మూసి ఉన్నాయి. ఆయనే వీధి వైపున్న వంటశాలలోకి వెళ్ళి కూరగాయలు పెట్టే ప్లాస్టిక్ క్రేట్లు భుజం మీద పెట్టుకుని తెచ్చి గేటు దగ్గర దించాడు.

రెండు క్రేట్లను మూతికి మూతి కలిపి తీగతో కుట్టాను. చుట్టూ గట్టి ప్లాస్టిక్ జాలీ తొడిగాను. ఆ జాలీ మా ఇంట్లో మిగిలిపోయినది. మోటరును ఆ పెట్టె నడుమ కూర్చోబెట్టాలి. పెట్టెను గడ్డి మూల నుంచి తీసి లోతున్న వైపు, అడుగున మట్టి లాగకుండా ఇటుకల మీద పెట్టాలి. ఇదంతా బయట సిద్ధం చేసుకున్నాను. ఆపి మళ్ళీ నడిపించే వ్యవధి వీలైనంత తక్కువ ఉండాలి.

మర్నాడు పొద్దున ప్లగ్గు దగ్గర నిలబడి కిటికీ వైపు చూశాను. సత్తయ్య లోపలికి తిరిగాడు. మగ్గాల మధ్య బతికినవాళ్ళు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఆ గొంతు దగ్గుతో చీలిపోయి ఉంది, అయినా హాలంతా వినబడింది.

"సునో భాయ్! లైట్ నహీ గయీ! పంప్ ధో రహే హై!" ఆ తర్వాత గుజరాతీలో. ఆ తర్వాత తెలుగులో, "కరెంటు పోలే! మోటరు కడుగుతున్రు! ఎవ్వలు బెదురకుర్రి!"

లోపల్నుంచి బా గొంతు వినబడింది. "సాచ్చే?" నిజమేనా అని.

"సాచ్చే, బా" అన్నాడు సత్తయ్య. "నీ మిషన్ మీద చెయ్యి పెట్టి చూడు. నడుస్తుంది."

ఎవరో ఆమె చెయ్యి తీసి మిషన్ మీద పెట్టారు కాబోలు. "హా, చాలే ఛే" అంది, నడుస్తోందని.

అప్పుడు సత్తయ్య నావైపు తిరిగి తల ఊపాడు. ప్లగ్గు పీకాను. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ కేక పెట్టలేదు. నేను నీళ్ళలోకి దిగి పెట్టె కూర్చోబెట్టి పైకి వచ్చేదాకా దగ్గులు తప్ప ఏమీ వినబడలేదు. ప్లగ్గు పెట్టాక నీళ్ళు పడ్డాయి. పుల్లకు దారం కట్టి పెట్టె పక్కన నీళ్ళలోకి దించాను.

"గదేందే?" అన్నాడు కిటికీలోంచి.

"దారం గుంజుతుందా చూస్తున్న. గుంజితే పిల్లలు పోతయి."

అతను మెడ చాచి చూశాడు. "గుంజుతలేదు" అన్నాడు.

పొద్దుటి పని

ఎంత పెద్ద పెట్టె అయినా నాచు పడుతుంది. ఆ మోటరు జోరుకు రోజూ కడగాలి. పెట్టి వచ్చేసి మరిచిపోయే మెకానిక్‌లు ఎక్కువ. మీరు అట్లా చేయకండి. మూసుకుపోయిన పెట్టె, పెట్టె లేని దానికంటే చెడ్డది. అందుకని రోజూ పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. రోజూ సత్తయ్య చెప్పేవాడు, నేను ఆపేవాణ్ణి.

కడిగినంతసేపు మాట్లాడుకునేవాళ్ళం. మగ్గాలు మూతపడి అతను పనిలేక కూర్చుని చాలా కాలమైంది. భార్య పద్మ ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికే పని చేసేదట. "నేను పంటే అది పనిజేస్తది. ఒక్క అర్ర. ఎటు దిరిగినా దాని మొకమే. సిగ్గయితుండె అన్నా. జ్వరం వచ్చినంక ఈడికి వస్తే జర పానం నిమ్మళమైంది, చూస్తున్నవా ఎంత పాపమో" అన్నాడు.

నేను పెట్టె తిప్పి రెండో వైపు కడిగాను. కొంతసేపటికి అతనే అడిగాడు. "గీ పని నాకు నేర్పుతవా? మగ్గాలు ఇగ నడుస్తయో లేదో."

"లేచి రా. నేర్పుత. నాకు గూడ మోకాళ్ళు పోయినయి. నేను పని చూసే ఇండ్లన్నీ నీకే ఇస్త."

ఉత్త మాట కాదు అది. నిజంగానే అనుకున్నాను. జాలీ చూసే కన్ను అతనికి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, గంటల తరబడి నీళ్ళను చూడగలడు. ఈ పనికి అదొక్కటి ఉంటే మిగతాది వస్తుంది.

పెట్టె పెట్టిన వారానికి గడ్డి మూలన గప్పీ పిల్లలు మళ్ళీ కనబడ్డాయి. సత్తయ్య కిటికీలోంచి వాటిని చూడలేడు, చాలా చిన్నవి. ఒక గాజు గ్లాసులో కాసిన్ని నీళ్ళతో ముంచి, ఎండకు ఎత్తి పట్టి దూరం నుంచే చూపించాను. అతను లోపలికి తిరిగి ఎవరితోనో ఏదో అన్నాడు. ఇంకో రెండు మొహాలు కిటికీ దగ్గరికి వచ్చాయి. ఆ గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డారు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అట్లాగే పట్టుకున్నాను.

అన్ని పొద్దులూ అట్లా లేవు. కొన్నిసార్లు నేను వెళ్ళేసరికి హాలు ముందు వాహనం ఆగి ఉండేది. ప్లాస్టిక్‌లో చుట్టిన మనిషిని ఎక్కిస్తుంటే గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ణి. ఆ రోజుల్లో సత్తయ్య చెప్పేది మూడు భాషల్లోనూ చెప్పేవాడు కానీ నాతో మాట్లాడేవాడు కాదు. ఇక్కడ చేపలకు పెట్టెలు కడుతున్నాం అని నా మీద నాకే రోత పుట్టేది. ఒకసారి నర్సుతో అన్నాను ఆ మాట. ఆమెకు అలసటతో కళ్ళు నిలవడం లేదు. "మీరు చేసేది మీరు చేయండి చాచా. నాకు మాత్రం వాళ్ళను లేపడం చేతవుతోందా" అంది. అంతకంటే మంచి సలహా ఆ కాలంలో నాకెవరూ ఇవ్వలేదు. మీకు కూడా ఎప్పుడైనా మీ పని పనికిమాలినదిగా కనబడితే, కనబడనివ్వండి. కడగడం మాత్రం ఆపకండి.

సత్తయ్య గొంతు రోజురోజుకూ తగ్గింది. మొదట గుజరాతీ మానేశాడు. తర్వాత గ్లాసును ఊచలకేసి కొట్టి అందరూ వినేలా చేసి, హిందీలో ఒక్క ముక్క చెప్పేవాడు. "ఇయ్యాల వద్దు తమ్మీ, రేపు కడుగుత" అన్నానొకరోజు. నా వైపు కోపంగా చూశాడు. "మూసుకపోతది" అన్నాడు. చెప్పాడు. ఆపాను. కడిగాను. నీళ్ళలోంచి బయటికి వచ్చేసరికి అతను కిటికీ దగ్గర లేడు, మంచం మీద పడుకుని ఉన్నాడు. ముఖం మీద ముక్కు గొట్టం బదులు పెద్ద మాస్కు కట్టారు.

మర్నాడు ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేశారు. తెల్లారకముందే పెద్దాస్పత్రికి తీసుకుపోయారని నర్సు చెప్పింది.

నేను ప్లగ్గు దగ్గర నిలబడ్డాను. ఆపాలా వద్దా తెలియలేదు. జాలీ మీద నాచు పచ్చగా కనబడుతోంది. కిటికీ దగ్గరికి పోయి నేనే అరుద్దామని రెండడుగులు వేశాను. అప్పుడు లోపలి నుంచి ఒక సన్నని గొంతు, ఊపిరి అందక మధ్య మధ్య ఆగుతూ, గుజరాతీలో చెప్పింది. లైటు పోలేదు, పంపు కడుగుతున్నారు, అందరూ వినండి అని. బా గొంతు అది. ఆమె మాట ఎవరికీ వినబడదనుకున్నారేమో, పక్క మంచాల వాళ్ళు అందుకుని గట్టిగా చెప్పారు. వాళ్ళ నుంచి ఇంకా అవతలి వాళ్ళు.

అందరూ చెప్పడం అయిపోయేదాకా ఆగి, ప్లగ్గు పీకాను.

తర్వాత

సత్తయ్య తిరిగి రాలేదు. జయంతిభాయ్ ఫోన్ చేసి చెప్పాడు. దహనానికి ఇంటివాళ్ళను రానివ్వలేదు. స్వచ్ఛంద సేవకులే చేసేశారు. ఆ కబురు తెలిసిన రోజు కూడా వెళ్ళి పెట్టె కడిగాను. ఆ రోజు ఎవరు చెప్పారో గుర్తు లేదు.

బా ఇంటికి వెళ్ళింది. జబ్బు తగ్గుముఖం పట్టి మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. హాలు కడిగి మళ్ళీ పెళ్ళిళ్ళకు ఇస్తామన్నారు. మరుసటి ఏడు ఆ కొలను పూడ్చేశారు. కార్లకు చోటు చాలడం లేదట. చేపల్ని నేనే డ్రమ్ముల్లో పట్టి, తెలిసిన ఇళ్ళకు ఇచ్చాను. జయంతిభాయ్ మీద కోపం రాలేదు. ఆయనకు ఆ తోటలో నిలబడటం కష్టంగా ఉండేదని తర్వాత ఎవరో అన్నారు, నిజమే అయి ఉంటుంది. నాక్కూడా ఆ తర్వాత ఏ ఇంటి కొలను దగ్గరా మనసు నిలవలేదు. మోకాళ్ళు ఒక సాకు.

మీరు రేపు ఏదో ఇంట్లో మోటరు ఆపుతారు. ఆపే ముందు ప్లగ్గు ఎక్కడుందో చూసుకుంటారు, మంచిదే. గోడకు అవతల ఎవరున్నారో కూడా చూసుకోండి. ఆ నీళ్ళ మీద ఎవరు ఏం ఆశ పెట్టుకుని పడుకున్నారో మనకు తెలియదు. ఒక్క మాట చెప్పి ఆపండి. చెప్పడానికి మీకు గొంతు లేకపోతే చెప్పగలిగిన మనిషిని వెతుక్కోండి.

హాలు ఖాళీ చేసిన వారంలో, పెద్ద మోటరు తీసి జయంతిభాయ్‌కి అప్పజెప్పడానికి వెళ్ళాను. లోపల ఫినాయిలుతో నేల కడుగుతున్నారు. తోటలో ఒకామె నిలబడి ఉంది. చేతిలో ఒక గుడ్డ సంచి.

"మల్లన్న అంటే మీరేనా?" అంది. "నేను సత్తయ్య భార్యను. ఆయన సంచి ఉంటే తీస్కపొమ్మని ఫోన్ జేసిన్రు."

చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె కొలను వైపు చూసింది.

"ఫోన్ల మీ పేరు చెప్పిండన్నా. పద్మా, నాకు ఈడ పని దొరికింది, పొద్దుగాల డ్యూటీ ఉంటది, నేను జెప్తెనే మోటరు బంద్ జేస్తరు అన్నడు. జ్వరం ఎక్కువై ఏదో అంటున్నడు అనుకున్న. సరే తియ్యి, మాట్లాడకు, పండుకో అన్న. మల్ల మాట్లాడలే."

"జ్వరం గాదు చెల్లె" అన్నాను. "నిజమే చెప్పిండు."

"ఏం పనన్నా?"

చెప్పాను. నీళ్ళ చప్పుడు, లోపల మంచాలు, భయం, అతను ముందు చెప్పడం, ఆ తర్వాత నేను ఆపడం. మూడు భాషల్లో చెప్పేవాడని చెప్పాను. ఆమె నా నోటి వైపే చూస్తూ వింది. సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మంచిగ జేసిండా?"

"మంచిగ జేసిండు. ఒక్క పొద్దు గూడ తప్పలే."

"ఏడ నిలవడుతుండె?"

కిటికీ చూపించాను. ఆమె వెళ్ళి దాని ముందు నిలబడింది. ఖాళీ హాల్లోకి చూసింది. ఊచ మీద చెయ్యి వేసింది. మొహం నాకు కనబడలేదు. నేను మోటరు తీయడానికి వచ్చినవాణ్ణి, నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి, ప్లగ్గు నా పక్కనే ఉంది. ఆమె అక్కడి నుంచి కదిలి, గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ప్లగ్గును ముట్టుకోలేదు.